బురద వెనక్కి నడవదు

జోడుమెట్టపాలెం పడవలు నీళ్ళలోకి దిగితే తప్ప నా యంత్రానికి కళ్ళు కనబడవు. ఈ మాట చెబితే మా సముద్ర పరిశోధన కేంద్రానికి వచ్చే పెద్దమనుషులు నవ్వేవారు. నవ్వనీ అనుకుని, వాళ్ళని పొద్దు పొడవకముందే రప్పించి, గోడంత తెర ముందు కూచోబెట్టి, చేతికి టీ ఇచ్చేదాన్ని. తెర మీద చీకటి తప్ప ఏమీ ఉండేది కాదు. ఇంతలో ఎక్కడో అవతల, మా ఊరి ఒడ్డున మొదటి ఇంజను రాజుకునేది. తెర మీద సన్నగా ఒక గీత పడేది. అది సముద్రం అడుగు. రెండో పడవ, మూడో పడవ కదిలేసరికి ఆ గీత కింద ఇసుక, ఇసుక కింద గులకరాళ్ళు, వాటి కింద మెత్తటి నల్ల బురద ఒక్కొక్కటే బయటపడేవి. సముద్రం వెనక్కి తగ్గి ఉన్న పాతకాలంలో అక్కడ పారిన ఏరు వదిలిపోయిన బురద అది. ఊరి పడవలన్నీ వేటకి పోయేసరికి నేల కడుపు మొత్తం తెర మీద ఉండేది. పెద్దమనుషుల టీ చల్లారిపోయేది.

దాని పేరు వినికిడి పటం. సముద్రం అడుగున ఇసుకలో మేం కొన్ని వందల చెవులు, చప్పుడు పట్టే పరికరాలు, పాతాం. ఇంజను చప్పుడు నీళ్ళలోంచి కిందికి దిగుతుంది, ఒక్కో పొరకీ తగిలి కొంచెం కొంచెం వెనక్కి వస్తుంది. వచ్చిన ముక్కలన్నీ చెవులు వింటాయి. ఏది ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసుకుని యంత్రం పొరలు గీస్తుంది. లోకంలో మిగతావాళ్ళందరూ దీనికోసం ఓడలోంచి పెద్ద పెద్ద చప్పుళ్ళు చేస్తారు. అలాంటి ఓడ ఒకటి మా ఊరి ముందుకీ వచ్చింది ఒకప్పుడు. అది మోగినన్నాళ్ళూ చేప ఒడ్డు ఛాయలకి రాలేదు. పాలెం పడవలన్నీ వెళ్ళి దాన్ని చుట్టుముట్టి వెనక్కి పంపించేశాయి. అందుకని చెవులు పాతడానికి నేను అనుమతి అడిగినప్పుడు ఊళ్ళో ఎవరూ సరేననలేదు. ఇసుకలో అందరి మధ్యా నిలబడి మాటిచ్చాను. మేం సముద్రంలో అరవం, మీరు చేసే చప్పుడే వింటాం అన్నాను. పాలెం పిల్లని కాబట్టి నమ్మారు.

ఈ ఆలోచన నాకు పుస్తకాల్లో దొరకలేదు. మా ఊళ్ళో ఆడవాళ్ళు ఒడ్డున గంపలు పెట్టుకుని కూచుని, పడవ కనబడకముందే ఎవరిదో చెప్పేస్తారు. ప్రతి ఇంజనుకీ ఒక గొంతు ఉంటుంది. మా అమ్మ దేవుడమ్మ పక్కన కూచుని నేనూ నేర్చుకున్నాను. మా నాన్న గురయ్య ఇంజను మూడుసార్లు దగ్గి నాలుగోసారి పాట అందుకునేది. అది వినబడగానే నేను చెప్పులు వదిలేసి అలల్లోకి పరిగెత్తేదాన్ని. పెద్దయ్యాక యంత్రానికీ అదే విద్య నేర్పాను. గొంతు వినాలి, పడవని గుర్తుపట్టాలి. పడవ ఏదో తెలిస్తే దాని ప్రొపెల్లర్ నీళ్ళలో ఎంత లోతున తిరుగుతుందో తెలుస్తుంది. అక్కణ్ణుంచి లెక్క మొదలు. ఆ లోతు తప్పితే కింద అన్నీ తప్పుతాయి. నా యంత్రం తప్పదని అందరికీ చెప్పుకున్నాను, నాకు నేను కూడా చెప్పుకున్నాను.

చెవులు పాతిన మరుసటి ఏడు తుఫాను వచ్చింది. గాలి మొదలయ్యేసరికే అందరూ ఇంజన్లు విప్పి, ఇద్దరేసి భుజాల మీద మోసుకుని ఇళ్ళలో పెట్టుకున్నారు. అంతలో పొరుగూరి వాళ్ళ మర బోటు లంగరు తెగి కొట్టుకుపోతోందని కబురొచ్చింది. మా నాన్న, ఇంకో ముగ్గురు, కలిసి తెడ్లు వేసుకుంటూ ఒక తెప్ప మీద వెళ్ళారు. బోటులోని మనుషులు ఒడ్డుకొచ్చారు. వీళ్ళు నలుగురూ రాలేదు. వాళ్ళ పడవలు కూడా ఒడ్డునే ముక్కలైపోయాయి. నేను కార్యం అయ్యేదాకా ఊళ్ళో ఉండి తిరిగి పనిలోకి వచ్చేశాను. ఏడవడానికి నాకు వేరే చోటు లేదు, ఆ తెర ముందే ఏడ్చాను. మా డైరెక్టరు మార్తాండరావు గారు వచ్చి పక్కన కుర్చీలో కూచున్నారు, పొద్దుపోయేదాకా లేవలేదు. ఆయన మంచివాడని ఇప్పటికీ అంటాను. తర్వాత జరిగింది కూడా చెబుతాను.

మళ్ళీ వేట మొదలైన కొన్నాళ్ళకి నల్ల బురద కదిలింది.

మొదట ఉత్తరపు కొసన, మా ఇళ్ళ ఎదురుగా, పొర జానెడు కుంగినట్టు కనబడింది. తర్వాతి అమావాస్యకి ఆ కుంగుడు కొంచెం దక్షిణానికి జరిగింది. ఆ పై అమావాస్యకి ఇంకొంచెం. నల్ల పొర ఊరు పొడుగునా దక్షిణానికి పాకుతోంది. తుఫాను దాని పట్టు వదిలించిందని, అమావాస్య పోటు దాన్ని తోస్తోందని మేం అర్థం చెప్పుకున్నాం. పౌర్ణమికీ అంత పోటూ ఉంటుంది కదా, అప్పుడెందుకు కదలదు అని ఒక్కసారి అడిగాను. మార్తాండరావు గారు గాలి వాటమనీ, ఇసుక బరువనీ చక్కటి కారణం ఒకటి చెప్పారు. నేను తలూపాను. ఆ కారణంతో సహా అంతా రాసి శాస్త్ర పత్రికలకి పంపించాం. దేశదేశాల వాళ్ళు మమ్మల్ని నెత్తిన పెట్టుకున్నారు. మాకూ కావాలంటూ నాలుగైదు తీరాల నుంచి అడిగారు.

ప్రభుత్వానికీ పంపించాం. పొర ఒక్కసారిగా జారితే దాని మీదున్న ఒడ్డు, ఒడ్డు మీదున్న ఊరు, రెండూ సముద్రంలోకి పోతాయని అందులో ఉంది. వచ్చే తుఫాను కాలానికి ముందే జోడుమెట్టపాలెం ఖాళీ చెయ్యాలని ఉత్తర్వు వచ్చింది. లారీలు వచ్చే రోజు నుంచీ పడవలు నీళ్ళలోకి దిగకూడదు. కొండల అవతల, జీడితోటల పక్కన కాలనీ కట్టారు. అక్కణ్ణుంచి సముద్రం వినబడదు కూడా.

మా వాళ్ళకి నచ్చజెప్పే పని నాకే పడింది. ప్రాణం కంటే ఒడ్డు ఎక్కువా అని ఇసుకలో నిలబడి అరిచాను. చేపలు పట్టేవాళ్ళు జీడితోటలో ఏం పట్టాలి అని మా బావ మాసేను అడిగాడు. అతని మీదే కోప్పడ్డాను. నేను వాళ్ళని బతికిస్తున్నాననే అనుకున్నాను. నాన్నని మింగిన సముద్రానికి ఇంకెవర్నీ ఇవ్వకూడదని పంతం పట్టాను. మా పాలెం నన్ను తిట్టలేదు. నేను వస్తే మాటలు ఆపేసేవారు, అంతే. తిడితేనే బాగుండేది.

లారీలు వచ్చిన రోజు నేను ఊళ్ళోనే ఉన్నాను. సగం ఇళ్ళు తలుపులు పీకి సామాను ఎక్కించేశాయి. మా అమ్మ మాత్రం గడప మీద కూచుంది. వెనకాల ఇల్లు సర్దినట్టే ఉంది. పెట్టె, చాపలు, నాన్న ఫొటో, అన్నీ మూటగట్టి ఉన్నాయి. మనిషే లేవడం లేదు. అధికారులు వచ్చి అడిగారు, ఇరుగుపొరుగు అడిగారు. చివరికి నేను వెళ్ళి పక్కన కూలబడ్డాను. ఎందుకమ్మా ఈ మొండితనం అన్నాను.

"మొండితనం కాదే పైడీ. లారీ ఎక్కమంటే ఎక్కుతాను. మీ బాబు ఇంజను వంతు తిరిగి ఇంటికి రావాల. అది రాకండా నాను ఈ గడప దాటను. ఆ మారాజు, నా ఇంజనెక్కడికి పోయినాదని అడిగితే ఏటని సెప్పను?"

"ఇప్పుడెక్కడుంది?"

"దచ్చినం కొసకెల్లింది. మొన్న అమాసకి దానియ్య పడవెక్కింది."

నా చెయ్యి సంచిలో కంప్యూటరు కోసం వెతికింది.

ఆ ఆచారం మీకు తెలీదు కాబట్టి చెబుతాను. నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. మా పాలెంలో వేటకెళ్ళి పోయిన మనిషి ఇంజను అమ్మరు, మూలన పడెయ్యరు. ఒక్కో అమావాస్యకి ఒక్కో పడవ దాన్ని తగిలించుకుంటుంది. ఆ నెల ఆ పడవ సొంత ఇంజను ఇంట్లో విశ్రాంతి తీసుకుంటుంది. వేటలో ఒక వాటా పోయినవాడి ఇంటికి వెళ్తుంది. ఉత్తరపు కొస నుంచి మొదలుపెట్టి, గుమ్మం గుమ్మం దాటుకుంటూ దక్షిణపు కొసకి వెళ్ళి, అప్పుడు ఇల్లు చేరుతుంది. మనిషి పోయినా వేట ఆగలేదని దాని అర్థం. తుఫాను తర్వాత నాన్న ఇంజనూ, మిగతా ముగ్గురివీ ఒకదాని వెనక ఒకటి ఇలాగే బయల్దేరాయి.

ఉత్తరం నుంచి దక్షిణానికి. అమావాస్యకొక గుమ్మం.

కంప్యూటరు తీసి గడప మీదే పెట్టుకుని పటం తెరిచాను. నల్ల పొర పాకిన దారి చూశాను. పక్కనే కూచున్న అమ్మని ఏ నెల ఇంజను ఎవరి పడవ మీద ఉందో వరసగా చెప్పమన్నాను. ఆమె చెబుతూ పోయింది. ప్రతి పేరుకీ తెర మీద కుంగుడు ఆ ఇంటి ఎదురుగానే ఉంది. ఎక్కడా ఒక్క అడుగు అటూ ఇటూ లేదు. నా యంత్రం నాన్న ఇంజను గొంతు విని, ఇది గురయ్య పడవ అనుకుంది. గురయ్య పడవ పల్లపుది, గట్టు తక్కువ. దాని ప్రొపెల్లర్ లోతున తిరిగేది. ఇప్పుడదే ఇంజను గట్టు ఎత్తు పడవల మీద, పైపైన తిరుగుతోంది, చప్పుడు కిందికి వెళ్ళి రావడానికి ఆ మేరకు ఆలస్యమవుతోంది. ఆ తేడా ఎక్కడిదో తెలియక యంత్రం దాన్ని తీసుకెళ్ళి బురదకి అంటగట్టింది. బురద ఎక్కడున్నది అక్కడే ఉంది. కదిలింది మా నాన్న వంతు, దాని వెనకే ఆ ముగ్గురి వంతులూ.

బయటివాడెవడైనా ఈ యంత్రం చేసుంటే ప్రతి పడవకీ ఒక గుర్తింపు బిళ్ళ తగిలించేవాడు, ఈ తప్పు జరిగేది కాదు. గొంతు వింటే పడవ తెలుస్తుందని నమ్మడం ఈ ఒడ్డున పెరిగినదానికే సాధ్యం. నాన్న బతికున్నప్పుడు అది నిజం కూడా. లేచి బయటికొచ్చి, కదలబోతున్న లారీకి అడ్డంగా నిలబడి, దింపండి అన్నాను. డ్రైవరు నాకు పిచ్చెక్కిందనుకుని హారన్ కొట్టాడు. పై ఉత్తర్వు ఉందన్నారు అధికారులు. ఆ ఉత్తర్వు నా నోట్లోంచి వచ్చిందే, ఇప్పుడు అదే నోటితో వద్దంటున్నాను అన్నాను. నన్ను పట్టించుకోకుండా మిగతా లారీలకి సామాను ఎక్కిస్తూనే ఉన్నారు. మాసేను మాత్రం నా మొహం చూసి, తన మూటలు దింపేశాడు.

ఆ సాయంత్రమే మా కేంద్రంలో మార్తాండరావు గారి గదిలో ఉన్నాను. అంతా చెప్పాను. ఆయన వింటూ వింటూ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. పౌర్ణమి గురించి నువ్వు అడిగావు కదా అన్నారు మెల్లగా. ఆయనకి అర్థమైంది. నేను చెప్పడం ముగించకముందే పూర్తిగా అర్థమైంది. అందుకే తర్వాత ఆయన అన్న మాట నాకింకా మంటగా ఉంటుంది.

"పైడితల్లీ, ఇది మనలోనే ఉండనీ. నిదానంగా సరిచేద్దాం. ఇప్పుడు బయటపెడితే, రేపు ఇంకో తీరంలో నిజంగానే బురద కదిలితే మన మాట ఎవరు నమ్ముతారు? ఒక్క ఊరు నాలుగు మైళ్ళు లోపలికి జరిగితే ఎవరికీ ప్రాణం పోదు. మనల్ని నమ్మడం మానేస్తే ఊళ్ళకి ఊళ్ళే పోతాయి."

దుర్మార్గం కాదది. దుర్మార్గమైతే తిట్టి వచ్చేదాన్ని. ఆయన నిజంగా ఆ రాబోయే ఊళ్ళ కోసం భయపడుతున్నాడు. ఆ ఊళ్ళెక్కడున్నాయో ఎవరికీ తెలీదు. నా ఊరు మాత్రం లారీ మీద ఉంది.

"తప్పు ఒప్పుకోనివాళ్ళ మాట అసలెందుకు నమ్మాలి సార్?" అన్నాను. "ప్రాణం పోదంటున్నారు. మా అమ్మ గడప మీద కూచుంది. అక్కణ్ణుంచి లేపి చూడండి, పోతుందో లేదో."

పదేళ్ళ పని పోతుంది, వేరే తీరాల్లో పెట్టబోతున్నవన్నీ ఆగిపోతాయి, నీ ఉద్యోగం నేను కాపాడలేను అన్నారు. ఆ పదేళ్ళూ ఆయనవి కూడా. తాళాలు అడిగారు. కేంద్రం తాళాలు బల్ల మీద పెట్టేశాను. మా పాలెం ఇసుకలో, చెవుల తీగలన్నీ వచ్చి కలిసే రేకుల గది ఒకటుంది. దాని తాళం పెట్టలేదు. ఆయన చూశారు. అడగలేదు.

రెండోనాడు పొద్దున్నే పాలెం పడవలు నిషేధం దాటాయి.

అన్నీ కాదు. రెండే చాలన్నాను. ఒకటి మాసేనుది, పల్లపుది, మా నాన్న పడవకి అచ్చంగా తోడబుట్టినట్టుంటుంది; నాన్న ఇంజను వంతు దానికింకా రాలేదు. రెండోది దానియ్యది, గట్టు ఎత్తుది. దానియ్య పడవ మీంచి నాన్న ఇంజను విప్పుకొచ్చి ఇసుక మీద పెట్టారు. వంతు మధ్యలో ఇంజను దింపకూడదు. అందుకని అందరూ అమ్మ వైపు చూశారు. ఆమె వచ్చి, ఇంజను మీద చెయ్యేసి, పసుపు నీళ్ళు చల్లి, ఈ ఒక్కరోజుకి మన్నించమని మా నాన్నకే చెప్పుకుంది. తర్వాత నా వైపు తిరిగి, ఎక్కించు అంది.

రేకుల గది తలుపులు తీసి, తెరని బయటికి, అందరికీ కనబడేలా తిప్పాను. సముద్రంలో రెండు జెండాలు నాటించాను. వాటి మధ్య తిన్నగా వెళ్ళి తిన్నగా రావడమే పని. మిగతా పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి కాబట్టి సముద్రంలో వేరే చప్పుడు లేదు. మాసేను ఇంజను తిప్పాడు. మూడుసార్లు దగ్గింది, నాలుగోసారి పాట అందుకుంది. నేను తెర వైపే చూస్తూ నిలబడ్డాను. అలల వైపు చూస్తే ఏడుస్తానని తెలుసు.

జెండాల మధ్య నల్ల పొర తిన్నగా, చదునుగా, ఎక్కడా కుంగకుండా కనబడింది. పెట్టెలు కట్టుకుని కూచున్న జనం లేచి దగ్గరికి వచ్చారు. తర్వాత అదే ఇంజనుని దానియ్య పడవకి మార్చాం. అదే దారిలో పంపించాం. పొర జానెడు కుంగింది. అప్పుడొచ్చింది సబ్ కలెక్టరు జీపు.

ఆమె చిన్న వయసు మనిషి. దిగుతూనే ఎవరి అనుమతితో పడవలు దింపారని అడిగింది. వెనక ఇద్దరు కానిస్టేబుళ్ళు. ఆడవాళ్ళంతా వెళ్ళి పడవల చుట్టూ నిలబడ్డారు. నేను నోరు తెరిచేలోపే మా అమ్మ ముందుకి వచ్చింది.

"మమ్మల్ని పొమ్మన్నప్పుడు మా పరిమిసను అడిగినారా అమ్మగోరూ? ఇది సూసినాక కేసు రాసుకోండి. సూడకండా రాత్తే మాత్రం ఒప్పుకోం."

సబ్ కలెక్టరు కానిస్టేబుళ్ళని ఆగమంది. నేను జరిగింది చెప్పాను, కుండ బద్దలు కొట్టినట్టు చెప్పాను. నేనిచ్చిన పటం తప్పు, దాన్ని నమ్మి మీరిచ్చిన ఉత్తర్వు తప్పు అన్నాను. ఆమె తెర వంక చూసింది. మళ్ళీ మార్చండి అంది. ఇంజను మాసేను పడవకి వచ్చింది. కుంగిన పొర లేచి చదునుగా నిలబడింది. ఇంకోసారి అంది. దానియ్య పడవ. మళ్ళీ కుంగింది. ఇద్దరు మనుషులు ఆ బరువు భుజాన వేసుకుని అలల్లో అటూ ఇటూ నడుస్తుంటే, సముద్రం కిందున్న బురద వాళ్ళతో పాటు లేస్తూ కూచుంటూ ఉంది. జనంలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఒడ్డు పొడుగునా పాకింది. లారీ డ్రైవర్లు కూడా నవ్వారు.

"నాకు మీ శాస్త్రం తెలీదు," అంది సబ్ కలెక్టరు. "ఒక్కటి చెప్పండి. కిందికి జారిన బురద వెనక్కి నడుస్తుందా?"

"నడవదు మేడమ్."

అప్పటికే మార్తాండరావు గారు వచ్చి జనం వెనక నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో నేను చూడలేదు. ఇది యంత్రంలో చిన్న లోపమనీ, కేంద్రం పరిశీలిస్తుందనీ అంటారని కాచుకున్నాను. సబ్ కలెక్టరు ఆయన అభిప్రాయం అడిగింది. ఆయన మూడో పడవ ఒకటి కావాలన్నారు. మధ్యరకం ఎత్తుది ఆయనే ఎంచుకుని, నాన్న ఇంజను దానికి తగిలించమన్నారు. దాని వెనక కూచుని ప్రొపెల్లర్ ఎంత లోతున మునుగుతుందో కర్రతో కొలిచారు. ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసిపోయింది. నా దగ్గరికి వచ్చి, పొర ఈసారి మూడు వేళ్ళు కుంగాలి అని చెప్పి పక్కన నిలబడ్డారు. పడవ వెళ్ళొచ్చింది. మూడు వేళ్ళు కుంగింది. ఆయన అక్కడే తడి ఇసుకలో కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. నాకు ఆయన మీద కోపం పోలేదు. ఆయన పక్కన వెళ్ళి కూచున్నాను. నాన్న పోయినప్పుడు ఆయనా అలాగే కూచున్నారు కదా.

లారీలు ఖాళీగా వెళ్ళిపోయాయి. ముందే కాలనీ చేరినవాళ్ళు మర్నాటికల్లా తిరిగొచ్చేశారు. ఉత్తర్వు నిలిపేశారు. వినికిడి పటం పేరు మూల మూలలా నవ్వులపాలైంది. అడిగిన తీరాలన్నీ వద్దన్నాయి. మార్తాండరావు గారు తప్పంతా తన పేరు మీద రాసుకుని తప్పుకున్నారు. నేను రాసిన జవాబులో ఆ తప్పు నాదేనని ఉంది. ఇద్దరివీ అచ్చయ్యాయి. కేంద్రం నన్ను వదిలించుకుంది. నాకు విచారం లేదని చెబితే అబద్ధం. పదేళ్ళు పెంచినదాన్ని నా చేతులతోనే నలుగురిలో నేలకేసి కొట్టాను. కానీ మళ్ళీ కొట్టమంటే మళ్ళీ కొడతాను.

ఇక చెవుల సంగతి తేలాలి. పీకి పారేద్దామని సగం పాలెం పట్టుబట్టింది. వాటి మూలంగా ఊరు ఊడ్చుకుపోయేది కదా అన్నారు. ఒకసారి మాటిచ్చి చెడగొట్టుకున్నదాన్ని, మళ్ళీ మాటివ్వడానికి మొహం చెల్లలేదు. అందరూ అయ్యాక అమ్మ మాట్లాడింది. చెవుల తప్పేం లేదనీ, అవి విన్నాయనీ, విన్నది మనకి చెప్పకుండా ఊరవతల వాళ్ళకి ముందు చెప్పడమే తప్పనీ అంది. మన నేల కడుపులో ఏముందో మనం చివర తెలుసుకోవడమేమిటి అని అడిగింది. చెవులు ఉండాలంటే తెర వలలు అల్లే పాకలో ఉండాలి, విన్నది ముందు పాలేనికి చెప్పాలి, ఆ తర్వాతే ఎవరికైనా. అదీ షరతు. అందరూ ఒప్పుకున్నారు. నేనూ ఒప్పుకున్నాను.

అలా వినికిడి పటం వలల పాకలోకి వచ్చింది. అమావాస్య నాడు ఇంజను మారినప్పుడల్లా ఎవరో ఒకరు వచ్చి, ఇవాళ ఫలానా ఇంజను ఫలానా పడవెక్కిందని చెప్పి వెళ్తారు. నేను యంత్రానికి చెబుతాను. వల కుట్టుకుంటూ మగాళ్ళు తెర వంక చూస్తారు. కింద పాత ఏటి పాయ ఎక్కడ వంకర తిరిగిందో, గులకరాళ్ళెక్కడ దిబ్బగా ఉన్నాయో చూసుకుంటారు. ఎక్కడ లేని ధైర్యం వచ్చేసింది మా వాళ్ళకి. కాలనీ సంగతి మాట్లాడటానికి వచ్చిన అధికారిని నిలబెట్టి పటం చూపించి, టీ ఇచ్చి పంపించారు.

నాన్న ఇంజను దక్షిణపు కొస దాటి, వంతు పూర్తి చేసుకుని ఇంటికి వచ్చింది. మాసేనూ దానియ్యా మోసుకొచ్చి మూలన దింపారు. అమ్మ బొట్టు పెట్టి, దాని పక్కనే చాప వేసుకుంది.

అప్పటికి లెక్కల్లో వంతుల తప్పులన్నీ తీసేసి పటం మళ్ళీ మొదటి నుంచి గీశాను. నల్ల పొర ఊరు పొడుగునా చదునుగా ఉంది. ఉత్తరపు కొసన మాత్రం కాదు. అక్కడ ఏడాదికి వేలెడు చొప్పున కుంగుతోంది. అమావాస్యకీ కాదు, పౌర్ణమికీ కాదు, ఏ రోజుకారోజు, ఎవరూ తొయ్యకుండానే. ఎన్ని పడవలు మార్చి చూసినా అది లేవలేదు. ఈసారి నిజం. పెద్ద తప్పు చాటున ఈ చిన్న నిజం ఇన్నాళ్ళూ దాక్కుంది. దాని మీద మూడిళ్ళు ఉన్నాయి. ఒకటి మాది.

ఎవరికీ చెప్పకపోతే ఏమవుతుంది అనే ఆలోచన నాకూ వచ్చింది. మార్తాండరావు గారు గుర్తొచ్చారు. ఇంటికి వెళ్ళాను. అమ్మ చేపలు తోముతోంది. చెప్పాను.

"మన కిందేనా?" అంది, కత్తిపీట మీంచి తలెత్తకుండా.

"మన కిందే. పక్క రెండిళ్ళ కిందా."

"ఎప్పుడు?"

"ఇప్పుడే కాదు. నా కాలంలో కావచ్చు. ముందే అయినా కావచ్చు. అంతకంటే నాకు తెలీదు."

ఆమె చేతులు కడుక్కుని వచ్చి మూలనున్న ఇంజను వంక చూసింది. ఏడుస్తుందనుకున్నాను. గడప మీద కూచున్ననాటి మొండితనమే ఆ మొహంలో ఇంకా ఉంది.

"దచ్చినం కొసన జాగా ఉంది," అంది. "దూలాలు విప్పి బుజాన ఏసుకెల్లిపోదుం. మీ బాబు ఇంజను ముందెల్తాది, ఎనక నానెల్తాను. లారీలొద్దు. ఎవుడూ మనల్ని ఎత్తి పెట్టక్కర్లేదు."

పక్క రెండిళ్ళ వాళ్ళనీ కేకేసింది. వాళ్ళు వచ్చారు, విన్నారు, ఏవో ప్రశ్నలు వేశారు, తలలూపారు. మర్నాడు పొద్దున్న మాసేను మా ఇంటి కప్పెక్కి మొదటి దూలానికి తాడు కడుతున్నాడు. నేను కింద నిలబడి, ఇప్పుడు ఈ సంగతి పై వాళ్ళకి తెలియజెయ్యనా అని అమ్మని అడిగాను.

"మాకు ముందు సెప్పినావు. ఇప్పుడెల్లి ఆల్లకీ సెప్పు," అంది దూలం కొస అందుకుంటూ. "అడిగితే, పాలెం అప్పుడే జరిగిపోయిందని సెప్పు."